వేసవి చలువ: ఇంటికెంత? తోటకెంత?

రోహిణి కార్తె ఎండలకు రోళ్ళు పగులుతాయని తెలుగువారి సామెత. మే నెల చివరివారంలో ప్రవేశించే ఆ కార్తెకు ముందే, కర్తరి దినాలలోనే, మా నూజివీడు ప్రాంతంలో మామిడి కోతలు ముమ్మరంగా సాగుతుంటాయి. బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం, చెరకురసం, కలెక్టరు ఒకదాని వెంట ఒకటి పక్వానికి వస్తాయి. అనగా మనుష్యులు నీడపట్టున ఉండవలసిన దినాలూ, తోటలో పని అధికంగా ఉండే దినాలూ ఒక్కటే అన్నమాట. ఈ సంగతిని దృష్టిలో ఉంచుకొని వేసవి ఆరోగ్యాన్ని గురించి నాలుగు మాటలు చెప్పదలచాను.

ఎండలు ముదరగానే వైద్యుణ్ణి అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే. “అయ్యా, చలువ చేసే వస్తువేదైనా చెప్పండి.” సబ్జా గింజలని ఒకరు, సుగంధిపాల షర్బత్తని ఒకరు, బార్లీ నీళ్ళని మరొకరు తమకు తెలిసినది చెప్పుకుంటూ ఉంటారు. ఇవన్నీ మంచివే. వీటిని నేనూ చెబుతూనే ఉంటాను. కాని మొదట అడగవలసిన ప్రశ్న ఇది కాదని నా అభిప్రాయం. చలువ ఎవరికి కావాలి? వారు ఏ పని చేస్తున్నారు? ఎండలో ఎంతసేపు ఉంటున్నారు? ఈ మూడూ తెలుసుకొనకుండా చెప్పిన చలువ వస్తువు సగం వైద్యమే అవుతుంది. ఒక్కొక్కప్పుడు అది కూడా కాదు.

ఋతుచర్య ఏమంటున్నది?

చరకసంహిత సూత్రస్థానంలో ఆరవ అధ్యాయమూ, అష్టాంగహృదయం సూత్రస్థానంలో మూడవ అధ్యాయమూ ఋతుచర్యను బోధిస్తున్నాయి. శిశిర, వసంత, గ్రీష్మ ఋతువులు ఆదానకాలం. ఈ కాలంలో సూర్యుడు ప్రాణులనుండి జలాంశాన్నీ, స్నిగ్ధత్వాన్నీ, బలాన్నీ గ్రహిస్తాడు. ఆదానం చివరకు వచ్చేసరికి దేహబలం మిక్కిలి తగ్గిపోతుంది. కఫం క్షీణించి వాతం సంచయమవుతుంది.

ఇక్కడ పాఠకులు ఒక విషయం గమనించాలి. వేసవి పిత్తకాలమని చాలామంది భావిస్తారు. శాస్త్రం చెప్పేది వేరు. పిత్తం వర్షర్తువులో సంచయమై శరదృతువులో ప్రకోపిస్తుంది. గ్రీష్మంలో పోగయ్యేది వాతం. వాతం స్వభావం చేతనే శీతం, రూక్షం. కనుక ఎండిపోయిన దేహానికి వట్టి చల్లదనం ఒక్కటే చాలదు. ద్రవం కావాలి, మాధుర్యం కావాలి, కొంత స్నిగ్ధత్వం కావాలి. అందుకే శాస్త్రకారులు గ్రీష్మంలో వరి అన్నం, పాలు, నెయ్యి, చక్కెర కలిపిన పలుచని పానీయాలు విధించారు. ఉప్పు, పులుపు, కారం, వ్యాయామం, ఎండ తగ్గించమన్నారు. మద్యం మానుకొమ్మన్నారు. ఇతర ఋతువులలో సామాన్యంగా నిషిద్ధమైన పగటి నిద్రను ఈ ఒక్క ఋతువులో అనుమతించారు.

మా గురువుగారు ఈ అధ్యాయం పాఠం చెప్పేటప్పుడు, విధి చదివిన తరువాత అది ఎవరికి చెప్పబడినదో కూడా చదవమనేవారు. చల్లని గృహంలో పగటి నిద్ర, వెన్నెలలో డాబా మీద రాత్రి శయనం, చందనపు పూత, ముత్యాల హారాలు ఎవరికి సాధ్యం? తీరిక, సంపద గల గృహస్థుకు. ఉదయం ఆరుగంటలకు చిక్కం కర్ర భుజాన వేసుకొని తోటలోకి వెళ్ళే కూలికి ఆ విధి అక్షరాలా వర్తించదు. అయినా దాని వెనుకనున్న సూత్రం ఇద్దరికీ వర్తిస్తుంది. దేహంనుండి ఏది పోతున్నదో దానిని తిరిగి ఇవ్వాలి, ఎంత పోతున్నదో అంత ఇవ్వాలి. ఇంట్లో ఉన్నవానికి పోయేది కొద్ది. తోటలో ఉన్నవానికి పోయేది బిందెలకొలది.

ఉప్పు, మజ్జిగ

గ్రీష్మంలో ఉప్పు తగ్గించమన్న వాక్యాన్ని పట్టుకొని, కొందరు చెమటోడ్చి పనిచేసేవారికి కూడా ఉప్పులేని పానకాలే మంచివని సలహా ఇస్తున్నారు. ఇది నాకు సమ్మతం కాదు. చెమటలో నీటితోపాటు ఉప్పు కూడా పోతుంది. పోయిన నీటికి బదులు వట్టి నీరు మాత్రమే గంటలతరబడి త్రాగుతూ ఉంటే రక్తంలో ఉప్పు పలుచబడి, పిక్కలు పట్టడం, తల దిమ్ము, వాంతి కలుగుతాయి. నీడలో కూర్చున్నవాడు ఊరగాయలు తగ్గించుకొంటే మంచిది. ఎండలో చెమటోడ్చేవాడికి చిటికెడు ఉప్పు ఔషధం.

మజ్జిగ విషయంలో కూడా ఇట్టి వివేకమే అవసరం. ఉష్ణకాలంలో తక్రం కూడదన్న మాట సుశ్రుతసంహితలో ఉన్నది. ఆ తక్రం సగం నీటితో చిలికిన చిక్కని, పుల్లని పదార్థం. మన ఇండ్లలో ఒక వంతు కమ్మని పెరుగుకు నాలుగు వంతుల నీరు పోసి, వెన్న తీసి, అల్లం, కరివేపాకు, నిమ్మాకు నలిపి వేసుకొనే పలుచని మజ్జిగ దానివంటిది కాదు. పులిసినది, నిన్నటిది, చిక్కనిది వేసవిలో వద్దు. ఏ పూటకాపూట చిలికిన పలుచని మజ్జిగ నిరభ్యంతరంగా పుచ్చుకోవచ్చును.

ఇదే కాలంలో మన ఇండ్లలో కొత్త ఆవకాయ కలుపుతారు. ఉప్పు, పులుపు, కారం మూడూ ముద్దగా చేరిన పదార్థమది. దానికి తోడుగా ముద్దపప్పు, నెయ్యి వడ్డించే ఆచారం రుచికోసమే పుట్టినది కాదని నా నమ్మకం. ఆ తీక్ష్ణత్వానికి స్నిగ్ధమధురమైన విరుగుడు అందులోనే ఉన్నది. పప్పూ నెయ్యీ లేని ఆవకాయను మూడుపూటలా తినడం వేసవి మర్యాద కాదు. మా కృష్ణాతీరంవారికి ప్రాణప్రదమైన ఉలవచారు కూడా ఉష్ణవీర్యమే. దానిని చలికాలానికి దాచుకోవడం మేలు.

కుండ, వట్టివేళ్ళ తడిక, పంకా

కుండలో నీరు చల్లబడడానికి కారణం అందరికీ తెలియదగినది. కుండ రంధ్రాలగుండా కొద్దిగా నీరు పైకి ఊరి ఆవిరి అవుతుంది. ఆవిరి కావడానికి కావలసిన వేడిమిని లోపలి నీటినుండి తీసుకొంటుంది. మన దేహంమీద చెమట చేసే పనీ ఇదే. వట్టివేళ్ళ తడికలు, నీటితో పనిచేసే ఎయిర్ కూలర్లు కూడా ఈ సూత్రంమీదనే ఆధారపడినవి.

కనుక పడమటి పొడిగాలి వీచే రోజున కుండ చక్కగా చల్లబడుతుంది, తడిక గదిని హాయిగా ఉంచుతుంది. బందరు వైపునుండి గాలి తిరిగి ఉక్కపోసిన రోజున కుండ చల్లబడదు, చెమట ఆరదు. ఆ రోజున ఎండ తీవ్రత తక్కువగా తోచినా దేహానికి ప్రమాదం తక్కువ కాదు. ఉక్కగా ఉన్నప్పుడు తలుపులు మూసి గదిలో కూలరు పెట్టుకోవడం తప్పు. కిటికీ తెరచి గాలి ఆడనివ్వాలి.

పంకా విషయంలో కూడా ఒక హద్దు ఉన్నది. గదిలో వేడిమి 40 డిగ్రీలు దాటినప్పుడు పంకా వేడిగాలినే దేహంపైకి తోస్తుంది. అప్పుడు తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకొనో, తడిపిన పలుచని నూలు ఉత్తరీయం కప్పుకొనో పంకా క్రింద కూర్చోవాలి. ఒంటరిగా గదిలో పంకా వేసుకొని పడుకొనే వృద్ధులున్న ఇండ్లలో ఈ సంగతి తప్పక గుర్తుంచుకోవాలి. వృద్ధులకు దాహం తెలియడం కూడా తగ్గుతుంది. అడిగేదాకా ఆగక గంటకొకసారి గ్లాసు చేతికి అందించాలి.

ఫ్రిజ్ నీరు విషమని నేను అనను. అయితే నోరు చల్లబడగానే దాహం తీరినట్లు తోచి, అరగ్లాసుతో ఆపివేసేవారిని చాలామందిని చూస్తున్నాను. కుండనీరు చెంబెడు సుఖంగా త్రాగవచ్చును. కుండను రెండు రోజులకొకసారి లోపల తోమి ఎండబెట్టాలి. ముంచుకొనడానికి పిడిగల గరిటెనే వాడాలి, చేయి పెట్టకూడదు. వేసవిలో వాంతులు, విరేచనాలు ఎక్కువగా నీటి అపరిశుభ్రతవల్లనే వస్తాయి. అవి వచ్చినవానికి ఎండదెబ్బ తగలడం మరింత సులువు.

మామిడి వేడి చేస్తుందా?

నూజివీడు వైద్యుణ్ణి గనుక ఈ ప్రశ్నకు ఏటేటా జవాబు చెప్పక తప్పదు. పుల్లని పచ్చికాయ పిత్తాన్ని పెంచుతుంది. చెట్టున ముదిరి చక్కగా మాగిన తీపిపండు మధురం, గురువు, స్నిగ్ధం, వాతహరం, హృద్యం. అది శీతమనీ, పిత్తాన్ని పెంచదనీ భావప్రకాశం చెబుతున్నది. అంటే గ్రీష్మంలో దేహానికి ఏ గుణాలు కావాలో ప్రకృతి ఆ గుణాలనే ఆ ఋతువు పండులో ఉంచింది.

అయినప్పటికీ పండు తిన్న పిల్లలకు పెదవులు పొక్కడం, గడ్డలు లేవడం చూస్తున్నామే అంటారు. పెదవులు పొక్కడానికి ముఖ్యకారణం తొడిమ దగ్గరి సొన. అది చర్మాన్ని పొక్కిస్తుంది. అందుచేత తొడిమవైపు కొద్దిగా కోసి, సొన కారనిచ్చి, రెండు మూడు గంటలు నీటిలో నానవేసి, కడిగి తినాలి. గడ్డలు చెమట, మురికి, గోకుడు కలిసి వచ్చే చర్మరోగం. నిందను పండుమీద వేసి స్నానాన్ని మరువరాదు. ఇక కార్బైడుతో మాగించిన పండ్లు వేరే సంగతి. ఆ పద్ధతి చట్టరీత్యా నిషిద్ధం. పైకి పచ్చగా ఉండి లోపల గట్టిగా, వాసన లేకుండా ఉన్న పండును కొనవద్దు. ముదురు కాయలు కొని ఇంట్లోనే వరిగడ్డిలో మాగవేసుకోవడం ఉత్తమం.

పండు గురువు గనుక భోజనం మీద నాలుగు రసాలు జుర్రుకొనడం కంటే, భోజనానికి బదులుగానో, భోజనానికి భోజనానికి మధ్యనో తినడం మంచిది. మధుమేహరోగులు తమ వైద్యుని అనుమతి మేరకే తినాలి.

ఇంట చేసుకోదగినవి

మామిడికాయ పానకం: ఒక మధ్యరకపు పచ్చికాయను ఉడికించి, గుజ్జు తీసి, ఒక లీటరు నీటిలో కలిపి, నాలుగు చెంచాల బెల్లం, అర చెంచా ఉప్పు, చిటికెడు వేయించిన జీలకర్ర పొడి చేర్చాలి. పచ్చికాయ పుల్లనిదే అయినా, గుజ్జు పలుచబడి బెల్లంతో కలిసినందువల్ల దాని తీక్ష్ణత్వం తగ్గుతుంది. ఎండనుండి వచ్చినవారికి ఇది ఇష్టమైన పానీయం.

ఉప్పు పంచదార నీరు: కాచి చల్లార్చిన లీటరు నీటిలో తలకొట్టిన ఆరు చిన్న చెంచాల పంచదార, తలకొట్టిన అర చెంచా ఉప్పు. కొలత తప్పకూడదు. ఉప్పు ఎక్కువైతే హాని. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో లభించే ఓఆర్ఎస్ పొట్లం ఇంతకంటే మేలు.

శ్రీరామనవమి పానకం: బెల్లం, మిరియాలు, ఏలకులు. ఎండలు మొదలయ్యే వేళకు వచ్చే పండుగకు మన పెద్దలు ఈ ప్రసాదాన్నీ, నానిన వడపప్పునూ ఏర్పరచడం గమనింపదగినది. ఆ పానకాన్ని ఒక్కరోజుతో ఆపవలసిన పనిలేదు.

రాగి అంబలి, తరవాణి: పొద్దున ఎండలోకి వెళ్ళేవారికి ఇవి అన్నమూ నీరూ కూడా. చద్దిమూటను పేదల తిండి అని చిన్నచూపు చూడడం తగదు.

తాటిముంజలు, పుచ్చకాయ, కొబ్బరినీరు, వట్టివేరు నానిన నీరు సరేసరి. మూత్రపిండ వ్యాధులున్నవారు కొబ్బరినీరు, గుండెజబ్బు లేదా రక్తపుపోటు ఉన్నవారు ఉప్పు కలిపిన పానీయాలు వైద్యుని అడగకుండా పుచ్చుకోరాదు. ఆరునెలలలోపు శిశువుకు ఏ చలువ పానీయమూ వద్దు, నీరు కూడా వద్దు. తల్లిపాలు తరచుగా ఇస్తే చాలును.

తోటవారికి మనం చెల్లించవలసినది

ఇంతవరకు చెప్పినది ఇంటిమాట. ఇక నా అసలు ఉద్దేశం మనవి చేస్తాను. 2003 వేసవిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా వడగాడ్పులకు మరణించారు. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాలలో కలిపి ఆ సంఖ్య రెండువేలకు చేరువైంది. మృతులలో ఎక్కువమంది వృద్ధులు, ఎండలో పనిచేసే శ్రమజీవులు. చలువ వస్తువు తెలియక వీరు చనిపోయారని అనగలమా? మజ్జిగ గుణం తెలియని తెలుగువాడు లేడు. ఎండవేళ పని మాని నీడకు చేరే అవకాశం వారికి లేకపోయింది.

ఈ పత్రిక చదివేవారిలో తోటలున్నవారు ఉన్నారు. తోట లేకపోయినా పనిమనిషి, తోటమాలి, ఇల్లు కట్టే మేస్త్రీ, వంటింటి సెగలో నిలబడే ఇల్లాలు ప్రతి ఇంటా ఉన్నారు. వీరి విషయంలో నాలుగు నియమాలు పాటించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

మొదటిది వేళ. కోత పని తెల్లవారుజామున మొదలుపెట్టి పదకొండు గంటలకు ముగించాలి. మిగిలినది సాయంకాలం నాలుగు దాటిన తరువాత. లారీ వేళకు అందలేదన్న తొందరలో మిట్టమధ్యాహ్నం చెట్టు ఎక్కించరాదు. పండు ఒక పూట ఆలస్యమైతే రేటు తగ్గుతుందని వాదిస్తారు. ఆ నష్టాన్ని యజమాని భరించాలి గాని కూలివాని దేహం భరించరాదు.

రెండవది నీరు. బరువుపని చేసేవానికి పావుగంటకో, ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు నీరు కావాలి. తోటకు ఒక్క బిందె పంపి చేతులు దులుపుకొంటే చాలదు. కుండ పనిచేసే చెట్టు క్రిందనే ఉండాలి. పూటకు ఒకసారి ఉప్పు వేసిన మజ్జిగ ఇవ్వాలి. వీధిలో చలివేంద్రం పెట్టి పుణ్యం కట్టుకొనే మనం మన తోటలోనే చలివేంద్రం మరువవచ్చునా?

మూడవది అలవాటు. కొత్తగా ఎండపనికి వచ్చినవాని దేహం వేడికి అలవాటు పడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. మొదటి నాలుగైదు రోజులు వానిచేత సగం పనే చేయించాలి. జ్వరం, విరేచనాలు వచ్చి లేచినవానికీ ఇదే నియమం.

నాల్గవది వంటిల్లు. ఎండ ముదరకముందే మధ్యాహ్నపు వంట ముగించుకొనేటట్లు ఇంటిల్లిపాదీ సహకరించాలి. రెండు గంటలకు వచ్చిన బంధువుకు వేడివేడి దోసె వేయాలనే మర్యాదను వేసవిలో సడలించవచ్చును.

ఇంటి వైద్యం ఎక్కడ ఆగాలి?

జేబులో ఉల్లిపాయ పెట్టుకొంటే వడదెబ్బ తగలదని నమ్మేవారున్నారు. ఉల్లిపాయవల్ల హాని లేదు. దానిని నమ్ముకొని మధ్యాహ్నం పన్నెండు గంటలకు బయలుదేరడంవల్ల హాని ఉన్నది. అట్లే రంగురంగుల సీసాలలో “చలువ మందు” అని అమ్మే పదార్థాలు కొన్ని నా దృష్టికి వచ్చినవి. వాటిలో ఉన్నది ముఖ్యంగా చక్కెర పాకం. ఆయుర్వేదం పేరు చెప్పుకొని అమ్మినంతమాత్రాన అవి వడదెబ్బకు మందులు కావు.

నీరసం, తలనొప్పి, అతిదాహం, విపరీతమైన చెమట, పిక్కలు పట్టడం — ఇంతవరకు ఇంటి వైద్యం చాలును. నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఉప్పు పంచదార నీరు కొద్దికొద్దిగా త్రాగించి, పడుకోబెట్టాలి. అరగంటలో తేరుకోకపోతే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఒళ్ళు నిప్పులా కాలుతూ, మాట తడబడుతూ, తికమకగా మాట్లాడినా, నడక తూలినా, మూర్ఛ వచ్చినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. చెమట ఆగిపోయి చర్మం పొడిబారవచ్చు. శ్రమజీవులకు చెమట పడుతూ ఉండగానే కూడా వడదెబ్బ తగలవచ్చు. అప్పుడు పానకం, లేహ్యం, కషాయం ఏదీ పనికిరాదు. స్పృహ లేనివాని నోటిలో నీరు పోస్తే ఊపిరితిత్తులలోకి పోతుంది. జ్వరం బిళ్ళ కూడా ఈ వేడిని దించదు. వెంటనే 108కి ఫోను చేసి, వాహనం వచ్చేదాకా రోగిని నీడలో ఉంచి, పైబట్టలు తీసి, బిందెలకొద్దీ చల్లని నీరు ఒంటిమీద పోస్తూ విసరాలి. మెడ, చంకలు, గజ్జలలో మంచుగడ్డలు గుడ్డలో చుట్టి పెట్టాలి. మంచుగడ్డను ఎల్లవేళలా నిందించే నాబోటి పాతకాలపు వైద్యుడు కూడా ఇక్కడ దానిని కావాలని అడుగుతాడు. ఆ కొద్ది నిమిషాలలో దేహం చల్లబడడం మీదనే ప్రాణం ఆధారపడి ఉన్నది.

ఇట్లా చెప్పడం ఆయుర్వేదానికి చిన్నతనమని కొందరు మిత్రులు అనుకోవచ్చు. నాకు అట్లా తోచదు. సాధ్యాసాధ్య వివేకం వైద్యునికి మొదటి గుణమని మన శాస్త్రమే బోధించింది. ఋతుచర్య ఉద్దేశం రోగాన్ని రానీయకుండడం. వచ్చిన వడదెబ్బకు నీళ్ళ బిందె, 108 వాహనం, ఆసుపత్రి మందు. రాకుండా చూసుకొనే పని మాత్రం మనందరిది, అందులోనూ ఇతరుల చేత ఎండలో పని చేయించుకొనేవారిది. ఈ వేసవిలో బుట్టెడు రసాలు ఇంటికి వచ్చినప్పుడు, వాటిని కోసిన చేతులు ఆ పూట నీడలో ఉన్నాయో లేదో ఒక్కసారి విచారించవలసిందిగా పాఠకులను కోరుతున్నాను.